ఉబుంటులో క్వెస్ట్ 3 డీబగ్గింగ్: హాయిగా కొనుక్కోవచ్చు

లైనక్స్ వాడే డెవలపర్లు మెటా వాళ్ళ వీఆర్ హెడ్‌సెట్ క్వెస్ట్ 3ని భయపడకుండా తీసుకోండి, డెవలపర్ల కోసం మెటా ఇచ్చే కంప్యూటర్ యాప్ మెటా క్వెస్ట్ డెవలపర్ హబ్ విండోస్‌కీ మ్యాక్‌కీ మాత్రమే ఉన్నా క్వెస్ట్ లోపల నడిచేది ఆండ్రాయిడే కాబట్టి ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ పరికరానికి కమాండ్లు పంపే టూల్) ఉంటే చాలు. ఫోన్ యాప్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి కేబుల్ పెట్టాక ఏడీబీలో ‘నో పర్మిషన్స్’ అని వస్తే, యూఎస్‌బీ పరికరాలకి లైనక్స్‌లో అనుమతులిచ్చే యూడెవ్ రూల్‌లో హెడ్‌సెట్ కంపెనీ యూఎస్‌బీ నంబరు, అంటే వెండర్ ఐడీ 2833 రాసి, రూల్స్ రీలోడ్ చేసి, కేబుల్ తీసి మళ్ళీ పెడితే సరిపోద్ది. ‘అనాథరైజ్డ్’ అంటే మాత్రం హెడ్‌సెట్ తలకి పెట్టుకుని లోపల వచ్చే పాపప్‌లో అలో కొట్టాలి, బయట నుంచి చూస్తే అది కనపడదు కదా. కేబుల్ డేటా వెళ్ళేదే కొనండి. నాకు తెగ నచ్చింది వైఫై డీబగ్గింగ్: ఒకసారి కేబుల్ పెట్టి ఏడీబీతో హెడ్‌సెట్‌లో పోర్ట్ 5555 తెరిచి, వైఫైలో దాని ఐపీకి కనెక్ట్ అయితే చాలు, వైరు లేకుండా గదంతా తిరుగుతూ టెస్ట్ చేస్తుంటే లాగ్‌క్యాట్ (యాప్ లాగ్ మెసేజ్‌లు) సిస్టమ్‌లో పడుతూనే ఉంటది, హెడ్‌సెట్ రీస్టార్ట్ అయితే మళ్ళీ కేబుల్ పెట్టాలంతే.