డ్యూకా, కరోలినానా, స్టేటా? కొత్తగా వచ్చినవారికి ఏ జట్టు మేలు

మా చెల్లెలి కుటుంబం ఈ వేసవిలో హైదరాబాదు నుంచి నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌కు వచ్చింది. సామాను సర్దుకోవడం పూర్తయిన వారానికే మా బావగారు ఫోన్ చేసి, "బావగారూ, డ్యూకా, కరోలినానా, స్టేటా? మన ఇంట్లో ఏ జట్టు అని చెప్పాలి?" అని అడిగారు. 11 ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్న నన్ను కొత్తగా వచ్చిన మనవాళ్ళు అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. అడగడంలో ఆశ్చర్యమూ లేదు. డర్హంలోని డ్యూక్, చాపెల్ హిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా (అందరూ కరోలినా అంటారు), రాలీలోని ఎన్‌సీ స్టేట్, ఈ మూడు విశ్వవిద్యాలయాలూ 30 మైళ్ళ లోపే ఉన్నాయి; డ్యూక్‌కూ కరోలినాకూ మధ్య సుమారు 10 మైళ్ళే. పిల్లలకు బడిలో మొదటి వారంలోనే ఈ ప్రశ్న ఎదురవుతుంది, పెద్దలకు ఆఫీసులో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ప్రతి సోమవారమూ ఎదురవుతుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, కాలేజీ బాస్కెట్‌బాల్ సీజను మొదలవబోతున్న ఈ 2025 అక్టోబరులోనే నా అభిప్రాయాన్ని పూర్తిగా రాసి పెడుతున్నాను.

గెలిచిన కప్పులు లెక్కపెట్టి తేల్చుకుందామంటే తేలదు. బాస్కెట్‌బాల్‌లో కరోలినాకు 6 జాతీయ టైటిళ్ళు, డ్యూక్‌కు 5, ఎన్‌సీ స్టేట్‌కు 1974, 1983లలో వచ్చిన 2 ఉన్నాయి. బేస్‌బాల్‌లో ఈ ముగ్గురిలో ఎవరికీ ఇంతవరకూ ఒక్కటి కూడా లేదు. కాబట్టి కొత్తగా అభిమానం పెంచుకోబోయేవారు చూసుకోవలసింది వేరే ఉందని నా నమ్మకం. ఈ ఏడాది మీరు పేరు, నడక, ఆట తీరు గుర్తుపట్టి మనసుకు దగ్గర చేసుకున్న కుర్రవాడు వచ్చే ఏడాది కూడా అదే చొక్కా వేసుకుని మీ ముందుకు వస్తాడా, రాడా? నా లెక్కలో అన్నిటికంటే బరువైన అంశం ఇది.

ఈ నమ్మకం నాకు 2016లో కలిగింది. ఆ ఏడాది జాతీయ బాస్కెట్‌బాల్ ఫైనల్‌లో మార్కస్ పేజ్ గాలిలోనే చేతులు మార్చుకుని వేసిన మూడు పాయింట్ల బంతితో కరోలినా 74-74కు చేరింది. ఇంకా 5 సెకన్లు కూడా లేవు. అంతలోనే విల్లనోవా ఆటగాడు క్రిస్ జెన్కిన్స్ చివరి క్షణంలో విసిరిన బంతి బుట్టలో పడి, 77-74తో మ్యాచ్ అయిపోయింది. అప్పటికి నేను ఇక్కడికి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు, జట్టు మీద పెద్ద మమకారమూ లేదు, అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు కథ ఆ తరువాతిది. అదే జోయెల్ బెర్రీ, అదే జస్టిన్ జాక్సన్, అదే కెనెడీ మీక్స్, అదే ఐజయా హిక్స్ మరుసటి ఏడాది తిరిగి వచ్చి, మళ్ళీ ఫైనల్ దాకా నడిచి, గొంజాగాను 71-65తో ఓడించి కప్పు తెచ్చారు. ఓటమిని భరించినవాళ్ళే గెలుపును అందుకోవడం చూసిన అభిమానికి దొరికే తృప్తి, కొత్త ముఖాలతో వచ్చే గెలుపులో దొరకదు.

ఈ కొలతతో చూస్తే డ్యూక్ సంగతి చెప్పడం నాకు కొంచెం కష్టమే, ఎందుకంటే ఆట నాణ్యతలో ప్రస్తుతం మిగిలిన ఇద్దరూ వాళ్ళ దరిదాపుల్లో లేరు. 2024-25లో కూపర్ ఫ్లాగ్‌తో ఆడిన జట్టు 35 గెలిచి 4 మాత్రమే ఓడింది. కరోలినాను మూడుసార్లు ఎదుర్కొని మూడుసార్లూ ఓడించింది. సెమీఫైనల్‌లో హ్యూస్టన్ మీద చేతిలో ఉన్న ఆధిక్యాన్ని చివరి నిమిషంలో పోగొట్టుకుని 70-67తో ఓడిపోయినప్పుడు, కరోలినా అభిమానినైన నాకు కూడా ఆ పిల్లలను చూసి బాధ కలిగింది. అయితే ఆ ఓటమికి బదులు తీర్చుకునే అవకాశం ఆ పిల్లలకు లేదు. ఆ జట్టులోని ముగ్గురు ఫ్రెష్‌మన్‌లు (మొదటి ఏడాది విద్యార్థులు) ఫ్లాగ్, కన్ నూపుల్, కమాన్ మలువాచ్ జూన్‌లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1, 4, 10 స్థానాల్లో వెళ్ళిపోయారు. 2006 డ్రాఫ్ట్ నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం హైస్కూలు పూర్తయిన ఏడాదికే ఎన్‌బీఏకు వెళ్ళవచ్చు గనుక వాళ్ళను తప్పుపట్టడానికి వీలు లేదు. నా కొడుకైనా వెళ్ళమనే చెబుతాను. ఈ ఏడాది కార్లోస్ బూజర్ కవల కొడుకులు కామెరన్, కేడెన్ వచ్చారు. తండ్రి 2001లో డ్యూక్‌కు కప్పు తెచ్చిన జట్టులో ఉన్నవాడు. కామెరన్‌ను చూడడానికి ఈ శీతాకాలం మొత్తం టీవీ ముందు కూర్చోవచ్చు, కాని అది ఒక్క శీతాకాలమేనని ముందే మనసుకు చెప్పుకోవాలి. కోచ్ జాన్ షాయర్ స్వయంగా నాలుగేళ్ళూ డ్యూక్‌లోనే ఆడి, 2010లో సీనియర్‌గా టైటిల్ గెలిచినవాడు. అలాంటి జట్టును ఆయన మళ్ళీ కట్టగలిగితే నా అభిప్రాయం మార్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

డ్యూక్ విషయంలో కొత్త కుటుంబాలకు ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. 1940లో కట్టిన కామెరన్ ఇండోర్ స్టేడియంలో పట్టేది 9,314 మంది. ఆ ఇరుకు, ఆ హోరే దాని గొప్పతనం, కాని పిల్లలతో కలిసి నలుగురు వెళ్ళాలంటే టికెట్లు దొరకడమే గగనం, దొరికినా ఆ ధర మామూలు ఉద్యోగి భరించేది కాదు. చాపెల్ హిల్‌లోని డీన్ స్మిత్ సెంటర్‌లో 21 వేలకు పైగా సీట్లున్నాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో చిన్న జట్లతో జరిగే మ్యాచ్‌లకు కుటుంబమంతా తేలికగా వెళ్ళి రావచ్చు.

ఇక బేస్‌బాల్. మనవాళ్ళు దీన్ని పక్కన పెట్టేస్తారు, అది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే క్రికెట్ చూస్తూ పెరిగినవారికి ఇక్కడ దొరికే ఆటలన్నిటిలో కాలేజీ బేస్‌బాల్ అంత దగ్గరగా తోచేది మరొకటి లేదు. శుక్ర, శని, ఆదివారాల్లో ఒకే ప్రత్యర్థితో మూడు మ్యాచ్‌లు ఆడతారు. జట్టులోని మేటి పిచర్ (మన బౌలర్ లాంటివాడు) శుక్రవారం రాత్రి బంతి పట్టుకుంటాడు, తరువాత వారం దాకా విశ్రాంతి తీసుకుంటాడు. ఆదివారానికి మంచి పిచర్లు ఇంకా ఎంతమంది మిగిలారన్న లెక్కలో కోచ్ తెలివి బయటపడుతుంది. మన టెస్టు మ్యాచ్‌లో నాలుగో రోజు బౌలర్ల అలసటను అంచనా వేసే కళ్ళతోనే దీన్నీ చూడవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, నాలుగేళ్ళ కాలేజీలో చేరిన బేస్‌బాల్ ఆటగాడు మూడో ఏడాది పూర్తయ్యేదాకా గాని, 21 ఏళ్ళు నిండేదాకా గాని ప్రొఫెషనల్ డ్రాఫ్ట్‌కు అర్హుడు కాడు. అంటే ఫ్రెష్‌మన్‌గా మైదానంలో అడుగుపెట్టిన కుర్రవాడు సాధారణంగా మూడు వసంతాలు మీ కళ్ళ ముందే ఎదుగుతాడు.

ఎదగడమంటే ఏమిటో నాకు నేర్పింది చాపెల్ హిల్‌లోని బోషమర్ స్టేడియంలో మా పక్క సీటులో కూర్చునే ఒక పెద్దాయన. మోకాళ్ళ మీద స్కోరు పుస్తకం పెట్టుకుని, ప్రతి బంతినీ పెన్సిలుతో గళ్ళలో రాసుకుంటారు. ఏప్రిల్ నెలలో ఒక చలి సాయంత్రం, మూడో ఏడాది చదువుతున్న బ్యాటర్ ఒకడు బయటికి తప్పుకుంటున్న బంతిని ముట్టకుండా వదిలేశాడు. స్టేడియంలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దాయన మాత్రం మా అబ్బాయి వైపు తిరిగి, "మొదటి ఏడాది ఈ బంతికి ప్రతిసారీ బ్యాటు ఊపి అవుటయ్యేవాడు, చూశావా, ఇప్పుడు వదిలేస్తున్నాడు" అన్నారు. రెండు బంతుల తరువాత లోహపు బ్యాటు టంగుమని మోగి, బంతి ఎడమ వైపు గీత వెంబడి దూసుకుపోయింది. మా అబ్బాయి ఆ రోజు నుంచి సొంతంగా ఒక నోటు పుస్తకం పెట్టుకుని స్కోరు రాసుకుంటున్నాడు.

ఈ ఆటలో కరోలినాకు మిగిలిన ఇద్దరికంటే బలమైన పునాది ఉంది. కాలేజీ బేస్‌బాల్ జాతీయ టైటిల్ కోసం చివరి దశ పోటీలు జరిగే ఒమాహాకు 12 సార్లు వెళ్ళింది, 2006, 2007లలో వరుసగా ఫైనల్ చేరి రెండుసార్లూ ఆరెగన్ స్టేట్ చేతిలోనే ఓడింది. 2024లో వాన్స్ హనీకట్ ఆట ముగించే హిట్ కొట్టి వర్జీనియాను 3-2తో ఓడించిన మ్యాచ్ ఒమాహాలోనే జరిగింది. ఆ ఏడాదంతా మోచేతి శస్త్రచికిత్స వల్ల ఆడలేకపోయిన పిచర్ జేక్ నాప్, 2025లో తిరిగి వచ్చి 14 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటీ ఓడలేదు. అంతటి సీజను చివరకు ఒమాహాకు ముందరి దశ అయిన సూపర్ రీజనల్‌లో సొంత మైదానంలోనే ముగిసింది: అరిజోనాను మొదటి రోజు 18-2తో చిత్తు చేసి, రెండో రోజు 10-8తోను, మూడో రోజు 4-3తోను ఓడిపోయారు. మూడో రోజు నేను, మా అబ్బాయి స్టేడియంలోనే ఉన్నాము. తిరిగి వచ్చేటప్పుడు కారులో వాడు అడిగిన మొదటి మాట, "వచ్చే ఏడాది ఎవరెవరు ఉంటారు?" అని. 2016 రాత్రి నేను వేసుకున్న ప్రశ్న కూడా అదే.

డ్యూక్ బేస్‌బాల్ కూడా 2025లో సూపర్ రీజనల్ దాకా వచ్చింది, డర్హంలో ముర్రే స్టేట్ చేతిలో ఓడింది. 1961 తరువాత మళ్ళీ ఒమాహా చూడని జట్టుకు అది ఎంత పెద్ద దెబ్బో ఊహించవచ్చు. ఆ వెంటనే కోచ్ క్రిస్ పొలార్డ్ వర్జీనియాకు వెళ్ళిపోయారు. కొత్త కోచ్ కుదురుకోవడానికి సమయం ఇవ్వాలి.

ఎన్‌సీ స్టేట్ గురించి చెప్పేటప్పుడు 2024 వసంతాన్ని తలచుకోకుండా ఉండలేము. ఈ జట్లన్నీ ఉన్న లీగ్ ఏసీసీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్‌లో కరోలినాను 84-76తో ఓడించి, ఆ ఊపులో డ్యూక్‌ను కూడా దాటి, జాతీయ టోర్నమెంటులో ఆఖరి నాలుగు జట్ల దశ అయిన ఫైనల్ ఫోర్‌కు చేరారు. ఆ ఏడాదే వాళ్ళ మహిళల జట్టు కూడా ఫైనల్ ఫోర్ ఆడింది, బేస్‌బాల్ జట్టు ఒమాహాకు వెళ్ళింది. ఒకే విశ్వవిద్యాలయానికి ఒకే వసంతంలో అంతకంటే కావలసిందేమిటి? కాని మరుసటి ఏడాది బాస్కెట్‌బాల్ జట్టు 12 గెలిచి 19 ఓడింది, కోచ్ మారారు. విల్ వేడ్ చేతిలో ఇప్పుడున్నది దాదాపు పూర్తిగా కొత్త జట్టు. టెక్సాస్ టెక్ నుంచి వచ్చిన డారియన్ విలియమ్స్ వంటి మంచి ఆటగాళ్ళున్నారు గాని, వాళ్ళు ఒకరికొకరు కూడా కొత్తవారే. బేస్‌బాల్‌లో 1997 నుంచి జట్టును నడుపుతున్న ఎలియట్ అవెంట్ ఉన్నంత కాలం స్టేట్‌ను తీసిపారేయలేము. రాలీ వైపు ఇల్లు తీసుకున్నవారు, పనివాళ్ళ ఊరి జట్టు లాంటి ఆ మొండితనం నచ్చినవారు నిస్సంకోచంగా స్టేట్‌ను ఎంచుకోవచ్చు.

వేక్ ఫారెస్ట్ గురించి కొందరు అడుగుతారు. 1955లో బేస్‌బాల్ టైటిల్ గెలిచిన జట్టు, 2023లో దేశంలోనే మొదటి ర్యాంకులో ఉండింది; అయినా విన్‌స్టన్-సేలం మనకు దూరం. ఈస్ట్ కరోలినా బేస్‌బాల్ అభిమానులు మంచివారు, అంతకు మించి చెప్పడానికి లేదు.

నా వాదనకు ఎదురు వాదన లేకపోలేదు. ఆటగాళ్ళు వేరే కాలేజీకి మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక, ఈ ఏడాది జులై నుంచి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్ళకు నేరుగా ఏటా సుమారు 2 కోట్ల డాలర్ల దాకా చెల్లించే వీలు కలిగాక, కరోలినాలోనూ స్థిరత్వం తగ్గింది. 23 గెలిచి 14 ఓడిన గత బాస్కెట్‌బాల్ సీజను మా అందరినీ నిరాశపరిచింది. ఈ ఏడాది చేరిన కేలెబ్ విల్సన్ కూడా డ్యూక్ కుర్రవాళ్ళలాగే ఒక్క ఏడాదికే వెళ్ళిపోవచ్చు. అయినా ఆర్మాండో బేకట్, ఆర్‌జే డేవిస్ ఐదేసి సీజన్లు ఇక్కడే ఆడారు. సెత్ ట్రింబుల్ 2024లో పోర్టల్‌లోకి వెళ్ళి కూడా వెనక్కి వచ్చి, ఇప్పుడు నాలుగో ఏడాది ఆడబోతున్నాడు. అందుకే మా బావగారికి కరోలినా అనే చెప్పాను, బాస్కెట్‌బాల్‌తో పాటు బేస్‌బాల్ కూడా చూస్తానంటేనే అన్న షరతుతో.

అంచనాలు కూడా అడిగారు గనుక చెబుతున్నాను. బాస్కెట్‌బాల్‌లో డ్యూక్ ఏప్రిల్‌లో ఫైనల్ ఫోర్ జరిగే ఇండియానాపొలిస్ చేరుతుంది. ఫిబ్రవరిలో చాపెల్ హిల్‌లో జరిగే మ్యాచ్‌లో మాత్రం కరోలినా గెలుస్తుంది, మార్చిలో డర్హంలో ఓడుతుంది. స్టేట్ జాతీయ టోర్నమెంటులో చోటు సంపాదించి మొదటి వారాంతంలోనే వెనుదిరుగుతుంది. బేస్‌బాల్‌లో డ్యూక్‌కు కష్టమైన ఏడాది, స్టేట్‌కు జాతీయ టోర్నమెంటు మొదటి దశ అయిన రీజనల్ దాకా ప్రయాణం. కరోలినాలో ఫ్రెష్‌మన్‌గానే వారాంతపు మ్యాచ్‌లు మొదలుపెట్టిన జేసన్ డికారోకు ఇది మూడో వసంతం, డ్రాఫ్ట్‌కు ముందు బహుశా చివరిది. జూన్‌లో సూపర్ రీజనల్ మళ్ళీ బోషమర్‌లోనే జరుగుతుందని, మొదటి రోజు బంతి అతని చేతిలోనే ఉంటుందని, ఈసారి ఒమాహాకు వెళ్ళేది కరోలినాయేనని నా అంచనా. మా బావగారి కుటుంబానికి కూడా కలిపి ఆ వారాంతానికి ఆరు టికెట్లు తీసుకోవాలని ఇప్పుడే అనుకున్నాము.