బొంత లోపల ఏం వేస్తే మేలు: పాత చీరలా, దూది షీటా, పాలిస్టరా?

పైబట్టకు ముక్కలు అతికేటప్పుడు ఎవరికీ పెద్దగా అనుమానాలు రావు. రంగులు కుదురుతాయి, చదరాలు మూలకు మూల కలుస్తాయి. అంతా నేల మీద పరిచాక అందరూ ఒక్కచోటే ఆగిపోతారు: మరి లోపల ఏం వేయాలి? కొత్తగా బొంతలు మొదలుపెట్టినవాళ్ళే కాదు, నాలుగైదు కుట్టినవాళ్ళు కూడా మళ్ళీ మళ్ళీ ఇదే అడుగుతున్నారు.

ఎక్కువమంది వెచ్చదనం లెక్క చూసి నిర్ణయించుకుంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఉతుకు. బొంత ఏడాదిలో కనీసం నాలుగుసార్లు నీళ్ళలో పడే వస్తువు. తడిస్తే ఎంత బరువెక్కుతుంది, తీగ మీద ఎంతసేపు ఉండాలి, ఆరాక లోపలి సరుకు ఎక్కడిదక్కడే ఉంటుందా అన్న మూడు సంగతులూ తేలితే మిగతావన్నీ సర్దుకుంటాయి. వెచ్చదనం చాలకపోతే ఇంకో దుప్పటి కప్పుకోవచ్చు. లోపల గడ్డకట్టిన బొంతను మాత్రం విప్పి కుట్టడం తప్ప వేరే దారి లేదు.

లెక్కకు ఒకే కొలత పెట్టుకుందాం. ఒకరు కప్పుకునేది, 5 అడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు, అంటే సుమారు మూడున్నర చదరపు మీటర్లు. ఈ కొలతకు మామూలు నూలు చీర ఒక పొర 250 నుంచి 300 గ్రాములు తూగుతుంది. లోపల మూడు పొరలు వేస్తే 750 నుంచి 900. దూది షీటు 150 జీఎస్ఎంది (చదరపు మీటరుకు 150 గ్రాములది) అయితే 525 గ్రాములు. పాలిస్టర్ వాడింగ్, అంటే పాలిస్టర్ పోగుల మెత్తటి పరుపు, 100 జీఎస్ఎంకి 350, 200 జీఎస్ఎంకి 700. పొడిగా ఉన్నప్పుడు తేడా అంతంత మాత్రమే. నీళ్ళలో ముంచితే కథ మారుతుంది. నూలు తన బరువుకు మించి నీళ్ళు పట్టుకుంటుంది, పాలిస్టర్ పోగు లోపలికి నీళ్ళు దాదాపు పోవు. పైబట్ట, అడుగుబట్ట కలిపి ఐదు పొరల చీర బొంత పొడిగా కిలోన్నర ఉంటే, చేత్తో నొక్కి నీళ్ళు తీశాక కూడా మూడు కిలోల దాకా ఉంటుంది. బాల్కనీలో తీగ కట్టేటప్పుడు ఈ బరువు గుర్తుంచుకోవాలి.

బరువులో చీరలదే వెనకబాటు. అయినా మన ఎండలకు, మన ఇళ్ళకు నా ఓటు వాటికే, ఎందుకంటే చీర నేసిన బట్ట. పోగులు అడ్డం, నిలువు పెనవేసుకుని ఉంటాయి కాబట్టి ఎన్నిసార్లు ఉతికినా జారి ఒకచోట చేరవు. కుట్టు వరసల మధ్య నాలుగు వేళ్ళ ఎడం వదిలినా పొర పొరగానే ఉంటుంది. ఎక్కడైనా దారం తెగితే అక్కడ రెండు కుట్లు వేసుకుంటే సరిపోతుంది.

చీరను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. కిటికీ ముందు పట్టి చూడండి. కుచ్చిళ్ళు వచ్చే చోట, నడుము దగ్గర, కింది అంచు వెంట వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు కనిపిస్తే ఆ భాగం పనికిరాదు. కొంగు వైపు సాధారణంగా గట్టిగా ఉంటుంది. రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి బట్టను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగండి. పర్రుమంటే పక్కన పడేయండి. ఫాల్ విప్పేయాలి. జరీ అంచు కత్తిరించాలి, అది సూదికి అడ్డుపడుతుంది, పక్కనున్న మెత్తటి బట్టను గీరుతుంది. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు కాబట్టి ఒళ్ళు మాత్రమే తీసుకోవాలి. గంజి పెట్టిన చీరలను వేడినీళ్ళలో నానబెట్టి, గంజి పూర్తిగా వదిలేదాకా ఉతకండి. గంజి మిగిలితే సూది దిగదు, పైగా పురుగు పడుతుంది. నేతను బట్టి కూడా తేడా ఉంటుంది. పాత వెంకటగిరి చీర సన్న నూలు కావడంతో నాలుగు పొరలున్నా సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. నారాయణపేట లాంటి కాస్త మందం నేత అయితే రెండు పొరలే చాలు.

ఒక్క తప్పు మాత్రం చేయకండి. నూలు చీర పొరల మధ్య జార్జెట్, షిఫాన్, సిల్కులాంటి సింథటిక్ చీర పెట్టకూడదు. నూలు ముడుచుకుంటుంది, సింథటిక్ ముడుచుకోదు. రెండో ఉతుకుకే ఆ పొర కుట్టు వరసల మధ్య బుడగల్లా లేస్తుంది. తర్వాత ఇస్త్రీ చేసినా పోదు.

ఇక కత్తిరింపు. చీర 18 అడుగులు, పన్నా 45 అంగుళాలు. ఐదేసి అడుగుల ముక్కలు మూడు తీస్తే మూడు అడుగులు మిగులుతుంది. రెండు ముక్కల్ని పక్కపక్కన చేరిస్తే 90 అంగుళాలు, మనకు కావలసిన ఏడున్నర అడుగులు. అంటే రెండు చీరలతో ఆరు ముక్కలు, మూడు పొరలు. మిగిలిన ముక్కల్లోంచి చిరుగులకు అతుకులు, అంచు పట్టీలు వస్తాయి. లోపలి పొరలను చేర్చేటప్పుడు మడిచి కుట్టకండి, ఒకదాని మీద ఒకటి అంగుళం ఎక్కించి టాకా వేస్తే చాలు. మూడు పొరల అతుకులూ సరిగ్గా మధ్యలోనే పడితే అక్కడ కర్ర పెట్టినట్టు గట్టు లేస్తుంది. అందుకే మధ్య పొరకు ఒక ముక్కను నిలువునా రెండుగా చీల్చి, సగం, పూర్తి, సగం వరసలో పరవాలి. కుట్టు వరసలు తల నుంచి కాళ్ళ వైపు పోతాయి కాబట్టి అడ్డంగా పడిన అతుకులన్నిటినీ అవే బిగించేస్తాయి.

అంగుళంన్నర ఎడంతో 60 అంగుళాల వెడల్పుకు 40 వరసలు వస్తాయి. ఒక్కో వరస ఏడున్నర అడుగులు, మొత్తం 300 అడుగులు, అంటే 91 మీటర్లు. చేతికుట్టు ఎగుడుదిగుడుగా సాగుతుంది కనుక 115 మీటర్ల దారం లెక్కేసుకోండి. మూర, మూరన్నరకు మించి దారం తీసుకుంటే ముళ్ళు పడతాయి. మిషన్ మీద అయితే 16 నంబరు సూది, 3 మిల్లీమీటర్ల కుట్టు, పైదారం, బాబిన్ దారం కలిపి రెండున్నర వందల మీటర్లు. మామూలు ఫుట్ పైపొరను ముందుకు నెడుతుంది, కింది పళ్ళు అడుగు పొరను లాగుతాయి, వరస చివరికి వచ్చేసరికి అడుగున ముడత పడుతుంది. పైపొరను కూడా కిందిదానితో పాటు లాగే వాకింగ్ ఫుట్ వేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. అది లేకపోతే జానెడు ఎడంతో టాకాలు వేసి, మధ్య వరసతో మొదలుపెట్టి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కుట్టుకుంటూ రండి.

చీరల బొంతకు ఒక గట్టి లోపం ఉంది. అన్ని చీరలూ ఒకే వయసువి కావు. లోపలి పొర ఒకటి ముందుగా చివికితే ముక్కలై, కుట్టు వరసల మధ్య తాడులా చుట్టుకుంటుంది. పైనుంచి బాగుచేయడం కుదరదు. అందుకే బలహీనమైన చీర వాడక తప్పదనుకుంటే దాన్ని మధ్యలో పెట్టి, వరసలు అంగుళానికి దగ్గర చేయండి. అన్నిటికన్నా గట్టిది అడుగున వేయండి, మంచానికి, చాపకు రాసుకునేది అదే.

దూది షీటు, అంటే సూదులతో గుచ్చి పరుపులా చేసిన కాటన్ బ్యాటింగ్, రెండో స్థానంలో ఉంటుంది. ఒక సందర్భంలో మొదటి స్థానం దానిదే. పైబట్టకు నెలల తరబడి చిన్న చిన్న చదరాలు, త్రిభుజాలు అతికి ఉంటే, ఆ పనితనం ఉబ్బుగా కనబడాలంటే చీర పొరలు చాలవు. చీరల బొంత అద్దంలా చదునుగా ఉంటుంది. షీటు వేస్తే కుట్టు పడినచోట లోతు, పక్కన చిన్న ఉబ్బు వస్తాయి. పావు అంగుళం అతుకుల కింద మెత్తగా ఆనుకుని, అవి లోపలి నుంచి అరగకుండా కాస్తుంది కూడా. పెళ్ళికో పురిటికో కానుకగా ఇచ్చే బొంతకు ఇదే సరైనది.

షీటు కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. లోపల పలుచటి జాలీ ఉందా, లేదా? జాలీ ఉన్న షీటుకు కుట్లు 8 అంగుళాల ఎడం వరకు ఉన్నా తట్టుకుంటుంది. లేనిదానికి 3, 4 అంగుళాలు దాటకూడదు. తయారీదారు చెప్పిన దూరం ఉంటే దాన్నే పాటించండి. రెండోది ముడుచుకోవడం. కాటన్ షీటు మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం ముడుచుకుంటుంది. 90 అంగుళాలకు నాలుగున్నర అంగుళాల వరకు పోతుందన్నమాట. పైబట్టను ముందే ఉతికి, షీటును ఉతక్కుండా వేస్తే బొంతంతా సన్నటి ముడతలు వస్తాయి. కొందరికి ఆ పాతదనం ఇష్టం, నాకూ ఇష్టమే. చదునుగా కావాలంటే షీటును గోరువెచ్చని నీళ్ళలో ముంచి, మెలిపెట్టకుండా నొక్కి, పరిచి ఆరబెట్టాక వాడండి.

ఉతుకు సంగతికొస్తే షీటు చీరలకన్నా తేలిక. కానీ కుట్టు ఎడం పెరిగితే నాలుగైదు ఉతుకులకే మధ్యలో పలచబడుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే మబ్బు చీలినట్టు కనిపిస్తుంది. ఒకసారి పలచబడ్డాక పూడ్చలేం.

పాలిస్టర్ వాడింగ్ చవక, తేలిక, ముసురు రోజుల్లో కూడా ఒక్క పూటకే ఆరుతుంది. కానీ దాంట్లోంచి గాలి ఆడదు, మన ఉక్కపోతలో ఒళ్ళు చెమటతో తడిసిపోతుంది. వేడి ఇస్త్రీ పెడితే లోపలిది అణిగి అట్టలా అవుతుంది. ముదురు రంగు బట్టలోంచి తెల్లటి పోగులు వెంట్రుకల్లా బయటికి వస్తాయి. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది కాబట్టి పసిపిల్లల బొంతకు వద్దనే చెబుతాను. గోడకు వేలాడదీసే అలంకరణకు, సంచులకు బాగానే ఉంటుంది.

ఏకిన విడి దూది మన పాత పద్ధతి. దూదేకులవాళ్ళు వింటినారితో ఏకి నింపేవాళ్ళు. అది ఎండలో వేసి కర్రతో దులిపే బొంత, ఉతికేది కాదు. తడిపితే దూదంతా కిందికి జారి గడ్డకడుతుంది. జైపూరీ రజాయిలు విడి దూదితోనే అంత సన్నగా వస్తాయంటే కారణం బాగా ఏకడం, దగ్గర దగ్గరగా కుట్టడం. కుట్టాలనుకుంటే రెండు అంగుళాలు దాటని గళ్ళు వేయండి, కడిగే అవసరం రాకుండా పైన గలీబు తొడగండి. బూరుగు దూది నున్నగా జారుతుంది, పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవు. తలగడకు ఉంచండి. పాత తువ్వాళ్ళు, మందపాటి దుప్పట్లు వేస్తే సూదీ వేళ్ళూ రెండూ దెబ్బతింటాయి.

వాతావరణాన్ని బట్టి పొరలు మార్చుకోవాలి. విజయవాడ, కాకినాడ వైపు లోపల ఒకటో రెండో చీర పొరలు చాలు. హైదరాబాద్ చలికి మూడు. లంబసింగి, ఆదిలాబాద్ చలికి అయిదు పొరలు పెడితే చేతికుట్టు కష్టం, సూదిని పైనుంచి దించి కిందనుంచి లాగాల్సి వస్తుంది. అక్కడ రెండు చీర పొరల మధ్య ఒక పలుచటి దూది షీటు పెట్టండి. బరువు తగ్గుతుంది, చలికి ఆగుతుంది, షీటును రెండు వైపులా చీరలు పట్టి ఉంచుతాయి. అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న మనవాళ్ళకు దూది షీట్లు సులువుగా దొరుకుతాయి, ఉన్ని షీట్లు కూడా ఉంటాయి. అమ్మ చీరలు పైబట్టకు, అడుగుకు ఉంచుకుని లోపల షీటు వేసుకోవచ్చు. డ్రయ్యర్‌ను మాత్రం తక్కువ వేడి మీదే పెట్టండి, నూలు ముడుచుకునేది ఎక్కువగా అక్కడే.

ఏది వేసినా మెలిపెట్టి పిండకండి, చేతికుట్టు దారాలు పుటుక్కుమంటాయి. చుట్టచుట్టి మోకాలితో నొక్కి నీళ్ళు తీయండి. ఒక్క తీగ మీద వేస్తే రెండు సగాలూ అతుక్కుని లోపల తడి నిలుస్తుంది. అడుగు ఎడంతో రెండు తీగలు కట్టి, వాటి మీద గుడారంలా వేస్తే మధ్యలో గాలి ఆడుతుంది. పైబట్ట ముట్టుకుంటే ఆరినట్టే అనిపిస్తుంది, ఆ మాట నమ్మకండి. అంచు పట్టీ రెండు వైపుల నుంచి వచ్చి కలిసే మూల అన్నిటికన్నా ఆఖరున ఆరుతుంది. ఆ మూలను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకో గంట ఎండలో ఉంచి, అప్పుడు మడతపెట్టండి.