పాత ఐపాడ్‌కు ఏది మేలు: మళ్లీ డిస్కా, కార్డా? బ్యాటరీ ఎంత ఉండాలి?

నాన్న తన క్యాసెట్లన్నీ ఓపికగా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆపిల్ వాళ్ల పాటల యంత్రం, నా పాత ఐపాడ్‌లో నింపుకున్నారు. అది 2005 అక్టోబరులో వచ్చిన ఐదో తరానిది, 30 జీబీ. అందులో ఎక్కువ భాగం హరికథలు, బుర్రకథలు. ఈ వేసవిలో ఒకనాడు అది టిక్కు టిక్కుమని, ఏడుపు మొహం బొమ్మ చూపించి ఆగిపోయింది. కడపలో ఏడు రోడ్ల దగ్గర ఫోన్లు బాగుచేసే కుర్రవాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "డిస్కు పోయింది సార్. పెద్దాయనకు ఫోనులో వేసివ్వండి" అన్నాడు. నాన్నకు అది గిట్టదు. హరిదాసు పద్యం ఎత్తుకునే వేళకే ఎవరో ఒకరు ఫోను చేస్తారని ఆయన ఫిర్యాదు. కొత్త ప్లేయరు కొందామంటే అందులో తెరను తాకి పని చేయించాలి. ఐపాడ్ ముందు వైపున్న ఈ చక్రం తిప్పడం ఆయన వేళ్లకు అలవాటు. అందుకే ఆ రెండు దారులూ మొదట్లోనే మూసుకుపోయాయి.

మిగిలినవాటిలో తేలికైనది అదే రకం డిస్కు వేయడం. 1.8 అంగుళాల ఆ బుల్లి హార్డ్ డిస్కులు ఇప్పుడు ఎక్కువగా వాడేసినవే దొరుకుతాయి. ముసలి ఎద్దు కూలబడిందని ఇంకో ముసలి ఎద్దును కొన్నట్లు ఉంటుంది ఆ బేరం. దానికి తోడు మా ఇంటి హరికథలతో ఇంకో చిక్కు ఉంది. ఈ యంత్రం పాటను డిస్కు నుంచి మెమరీలోకి, అంటే పాడేటప్పుడు తాత్కాలికంగా దాచుకునే చిన్న జాగాలోకి లాక్కుని, డిస్కును నిద్రపుచ్చుతుంది. 30 జీబీ రకంలో ఉన్న మెమరీ 32 ఎంబీ. నాలుగైదు నిమిషాల పాటలైతే ఒక్క లాగుడుతో అయిదారు వచ్చేస్తాయి. గంట హరికథ 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3లో దాదాపు 58 ఎంబీ. అది మెమరీలో పట్టదు కాబట్టి డిస్కు మళ్లీ మళ్లీ లేవాల్సిందే. డిస్కు అరుగుతుంది, బ్యాటరీ కరుగుతుంది.

కార్డులో తిరిగే భాగమే లేదు. డిస్కు స్థానంలో చిన్న అడాప్టరు పెట్టి దానికి మెమరీ కార్డు తగిలిస్తారు. ఒకే ఎస్‌డీ కార్డు పట్టే ఐఫ్లాష్ సోలో, నాలుగు మైక్రో ఎస్‌డీ కార్డులు పట్టే ఐఫ్లాష్ క్వాడ్ లాంటివి ఉన్నాయి. నాలుగు కార్డులనగానే నాకూ నోరూరింది. కానీ ఆ నాలుగూ కలిసి ఒకే డిస్కులా కనిపిస్తాయి. ఒకటి చెడితే మొత్తం లెక్క చెడుతుంది. పైగా పాటల జాబితాను యంత్రం ఆ 32 ఎంబీలోకే ఎక్కించుకోవాలి. కార్డు ఎంత పెద్దదైనా, పాటల సంఖ్య శ్రుతి మించితే తడబడి మళ్లీ మొదలవుతుంది. అదే తరంలో 60 జీబీ రకానికి 64 ఎంబీ మెమరీ ఉంది. మీ చేతిలో ఉన్నది అదే అయితే కాస్త ఆశపడవచ్చు.

అసలు మాకు ఎంత కావాలి? 128 కేబీపీఎస్‌లో 30 జీబీ అంటేనే సుమారు 500 గంటలు. క్యాసెట్ నుంచి తీసిన ధ్వనిని ఇంకా పెద్ద ఫైళ్లుగా మార్చినా హరిదాసు గొంతు మెరుగవదు. 64 జీబీ కార్డు ఒకటి చాలనుకున్నాను. మొదట చవకగా దొరికిన కార్డు నకిలీది. పైన 64 అని రాసి ఉంది, లోపల అందులో సగం కూడా లేదు. కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ప్రోగ్రాముతో కార్డును పూర్తిగా నింపి, తిరిగి చదివించి చూస్తేనే ఆ మోసం బయటపడుతుంది. ఆ పని ఐపాడ్‌లో బిగించక ముందే చేసుకోవాలి.

బ్యాటరీ దగ్గర నా అభిప్రాయం చాలామందికి రుచించదు. డిస్కు తీసేశాక మిగిలే ఖాళీలో 2,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ పెడతారు. 60 జీబీ రకం లావు వెనుక రేకు తెచ్చి వేసుకుంటే 3,000 ఎంఏహెచ్ కూడా పడుతుంది. రోజుల తరబడి ప్రయాణంలో ఉండేవారికి అది మేలే. అయితే చిన్న బ్యాటరీ కోసం చేసిన యంత్రం కాబట్టి, పెద్దది నిండడానికి చాలాసేపు పడుతుంది. అంతకన్నా నన్ను ఆపింది మా ఎండ. 40 డిగ్రీలు దాటే కడప మధ్యాహ్నాల్లో లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, కొన్ని ఉబ్బుతాయి. సందు లేకుండా కుక్కితే ఆ ఉబ్బు నేరుగా తెర వెనుక ఒత్తుతుంది. అందుకే అసలు సైజు బ్యాటరీనే కొత్తది వేశాను. మిగిలిన జాగాలో అడాప్టరు కదలకుండా స్పాంజి ముక్క పెట్టాను. కొత్తగా ఉన్నప్పుడు డిస్కుతోనే 14 గంటలు పాడుతుందని చెప్పిన యంత్రం ఇది. నాన్న వినేది రోజుకు రెండు గంటలు. సోమవారం ఛార్జింగు పెడితే ఇప్పుడు వారమంతా వస్తోంది.

బిగించాక కంప్యూటర్‌కు తగిలించి ఆపిల్ ప్రోగ్రాము ఐట్యూన్స్‌లో రిస్టోర్ (మళ్లీ మొదటి నుంచి సిద్ధం) చేస్తే కార్డును తనదిగా చేసుకుంటుంది. పాత డిస్కులోవి ఎటూ రావు, పాటల నకలు కంప్యూటర్‌లో ఉండాల్సిందే. ఇక మూత తెరిచేటప్పుడు ప్లాస్టిక్ పుల్లనే వాడండి, రెండు సగాలనూ ఒక్కసారిగా విడదీయకండి. బ్యాటరీని యంత్రానికి కలిపే సన్నని తీగల పట్టీని పట్టుకునే గోధుమరంగు తాళం గోరంత కూడా ఉండదు. దాన్ని రెండు పక్కలా కొద్దికొద్దిగా పైకి జరపాలి. నేను తొందరపడి ఒక కొస విరగ్గొట్టాను. ఇప్పుడు ఆ పట్టీ ఒక టేపు ముక్క దయమీద నిలబడి ఉంది.