ఫోన్‌లో వైద్యం: ఐదేళ్లకు పైగా వాడాక

2020లో కరోనా వల్ల గడప దాటే వీలు లేక మొదలుపెట్టాను. నాకు బీపీ ఉందని తేలి అప్పటికి మూడు నెలలే. ఆసుపత్రికి వెళ్లాలంటే భయం, మందు మానేయాలంటే అంతకన్నా భయం. మొదటి వీడియో కాల్ ఆరు నిమిషాల్లో అయిపోయింది. ఇంతోటి దానికి డాక్టర్ ఎందుకు అనుకున్నాను. ఇప్పుడు నా ఫాలో అప్‌లలో ముప్పాతిక వంతు ఫోన్‌లోనే నడుస్తున్నాయి.

బీపీకి కుదిరినంత బాగా ఈ పద్ధతి మరి దేనికీ కుదరదేమో. అక్కడ డాక్టర్‌కి ముఖ్యంగా కావలసింది నేను రోజూ రాసుకునే అంకెలు. పైగా తెల్లకోటు కనిపిస్తే చాలు, బీపీ పెరిగే మనుషుల్లో నేనొకణ్ణి. ఇంటి లెక్క కూడా వేరేనట: క్లినిక్‌లో 140/90కి సమానంగా ఇంట్లో 135/85ని హద్దుగా చూస్తారు.

రెండో ఏడాది ఒకసారి రెండు వారాల పాటు పై అంకె 150 దిగలేదు. డోసు పెంచుతారేమోనని టెన్షన్. డాక్టర్ గారు మందు మాట ఎత్తలేదు. "ఫోన్ కాస్త దూరంగా పెట్టి, నా ముందే ఒకసారి చూసుకోండి" అన్నారు. సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, చొక్కా చేతి మీదుగానే పట్టీ చుట్టి, చెయ్యి ఒళ్లో పడేసి, ఆవిడతో మాట్లాడుతూనే బటన్ నొక్కాను. "ఆగండి, ముందు కాలు దించండి" అన్నారు. వీపు ఆనించి కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి, పట్టీ ఒంటికే చుట్టాలి, ఐదు నిమిషాలు నోరు మెదపకూడదు. ఆ ఐదు నిమిషాలూ ఇద్దరం కాల్‌లో మౌనంగా ఉన్నాం. ఆవిడ ఏదో రాసుకుంటున్నారు, నేను గోడ చూస్తున్నాను. 138 వచ్చింది.

తర్వాత టేపుతో దండచెయ్యి చుట్టుకొలత చూడమన్నారు. 35 సెంటీమీటర్లు. మిషన్‌తో వచ్చిన పట్టీ మీద 22-32 అని అచ్చువేసే ఉంది, నేనే ఏనాడూ చదవలేదు. పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుందట. పెద్దది కొన్నాను, డోసు అలాగే ఉండిపోయింది. క్లినిక్‌లో అయితే నర్సే సరిగ్గా కట్టి చూసేది, ఇంట్లో నేను చేసే ఘనకార్యం ఎవరికీ తెలిసేది కాదు.

చర్మం దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. మోచేతి దగ్గర మచ్చ వస్తే, ఓ యాప్‌లో ఆ పూట ఖాళీగా ఉన్న డాక్టర్‌కి రాత్రి లైటు కింద తీసిన ఫొటో పంపాను. ఫంగస్ అని క్రీమ్ రాశారు. రెండు వారాలైనా తగ్గలేదు. నేరుగా వెళితే, అక్కడ కాస్త పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూసి, ఇది ఫంగస్ కాదు, ఎగ్జిమా అన్నారు. ఇప్పుడు ఫొటో తీస్తే పగటి వెలుతురులో, కిటికీ పక్కన, దూరం నుంచి ఒకటి, దగ్గరగా ఒకటి తీస్తాను.

ఇంకోసారి పొట్ట నొప్పి. కాల్‌లో డాక్టర్ రెండు ప్రశ్నలు అడిగి, "కుడివైపు కింద నొక్కి చూడాలి, అది ఇక్కడి నుంచి నావల్ల కాదు. కాల్ పెట్టేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి" అన్నారు. అపెండిక్స్. ఇన్నేళ్లలో నాకు దొరికిన అతి మంచి ఫోన్ వైద్యం ఆ ఒక్క నిమిషమే.

చేతి వాచీ ఈసీజీ సరదాగా ఉంటుంది కానీ దానిది ఒకే లీడ్, అంటే గుండెను ఒక్క కోణం నుంచే చూస్తుంది, ఆసుపత్రిలో తీసేది 12 లీడ్లది. లయ తప్పితే పట్టుకోవచ్చు, గుండెపోటును మాత్రం పట్టలేదు. అన్నట్టు, ఈసీజీని దూరానికి పంపడం కొత్తేమీ కాదు. 1905లోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, ఈసీజీకి ఆద్యుడైన ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త ఆసుపత్రిలోని రోగుల ఈసీజీని టెలిఫోన్ తీగ మీదుగా కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు తెప్పించుకున్నాడు. మిషన్ కదిలించలేనంత పెద్దది మరి!

నన్ను బాగా విసిగించేది రిపోర్టుల గోల. ఏ యాప్‌లోవి ఆ యాప్‌లోనే ఉండిపోతాయి, డాక్టర్ మారితే కథ మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. అందుకే మందుల పేర్లు, డోసు, మార్చిన తేదీ ఒక పాత నోట్‌బుక్‌లో రాస్తున్నాను. కాల్‌లో కెమెరాకి ఆ పేజీ చూపిస్తే పని అయిపోతుంది.

అమ్మకి మాత్రం ఇది అస్సలు పడలేదు. చెవి సరిగ్గా వినపడదు, నెట్ నెమ్మదిస్తే మాట తునకలు తునకలుగా వస్తుంది, దేనికైనా సరే తల ఊపేస్తుంది. నేను పక్కనుంటే అసలు బాధ చెప్పదని ఆలస్యంగా తెలిసింది, అప్పటినుంచి మధ్యలో లేచి బయటికి వెళ్తున్నాను. మొన్న కాల్ అయ్యాక, "నాడి పట్టుకోలేదు, నాలుక చూడలేదు, ఇదేం చూడటంరా?" అంది. ఆవిడ తర్వాతి అపాయింట్‌మెంట్ నేరుగా వెళ్లేదే తీసుకున్నాను.