ఆత్రేయపురం నుంచి చిల్కా గేటు దాకా: 60 పూతరేకులు, ఒక పరేడ్

మాది రావులపాలెం. అరటి మార్కెట్‌లో 22 ఏళ్లుగా గెలల వ్యాపారం చేస్తున్నాను. సరుకు ఎక్కించడం, దారిలో నలక్కుండా చూసుకోవడం, అవతల ఊళ్లో పచ్చగా దింపించడం, ఇదే నా పని. కాబట్టి పూతరేకుల గురించి రాస్తున్నా ముందు ప్యాకింగ్ సంగతే చెబుతాను. నేను కొన్న 60 రేకులూ ఇంట్లో కూర్చుని తినడానికి కొన్నవి కావు. రాజమండ్రిలో రైలెక్కి, ఒడిశాలో బాలుగావ్‌లో దిగి, ఒక రాత్రి ఆగి, నేవీ ట్రైనింగ్ సెంటర్ ఐఎన్ఎస్ చిల్కాలో పాసింగ్ అవుట్ పరేడ్ అయ్యాక మా మేనకోడలి నోటికి చేరాల్సినవి.

అమ్మాయి మా చెల్లెలి కూతురు. ఇంటర్ ఎంపీసీ అవగానే నేవీలో అగ్నివీర్‌గా సెలెక్ట్ అయింది. వాళ్ల నాన్న కువైట్‌లో డ్రైవర్. పరేడ్‌కి రావడానికి ఆయనకి సెలవు దొరకలేదు. తండ్రి లేని చోట మేనమామ నిలబడాలి కదా, నేనూ చెల్లెలూ బయల్దేరాం.

నాలుగు నెలల క్రితం పిల్ల ట్రైనింగ్‌లో చేరడానికి వెళ్లినప్పుడు హడావుడిలో హైవే పక్కన ఒక దుకాణంలో రెండు పెట్టెలు కొని చేతికిచ్చాను. పెట్టె బాగుంది, మీద రంగుల బొమ్మ ఉంది, ఆత్రేయపురం అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. బండి విశాఖ చేరకముందే విప్పిందట. ఫోన్‌లో పిల్ల అన్న మాట, "మామయ్యా, స్పూన్ ఉంటే తినొచ్చు." అంతా పొడైపోయింది. మిగిలిన నాలుగు ముక్కలూ డాల్డా, అంగిట్లో మైనంలా అతుక్కున్నాయట. ఇల్లు వదిలి వెళ్తున్న పిల్లకి మన ఊరి వైపు నుంచి ఆఖరిగా ఇచ్చింది అదా అని నాకు చాలా రోజులు మనసులో మెదులుతూనే ఉంది.

అందుకే ఈసారి ఆత్రేయపురమే వెళ్లాను. మా ఊరి నుంచి కాలవ గట్టు పట్టుకుని లొల్ల లాకులు దాటి వెళ్లడమే, దూరమేం కాదు. ఒక్క మాట, శనివారం మాత్రం పెట్టుకోకండి. వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్లంతా ఆ దారిలోనే ఉంటారు. వాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణంలో పూతరేకులు కొంటారు. ఆ రోజు ఎవరికీ మీతో నిలబడి మాట్లాడే తీరిక ఉండదు. నేను బుధవారం పొద్దున్నే వెళ్లాను.

నేను కొన్నది దుకాణంలో కాదు, ఒక ఇంట్లో. పేరు రాయనా అని అడిగితే వద్దన్నారు, ఉన్న ఆర్డర్లకే చేతులు చాలడం లేదట. వరండాలో ముగ్గురు ఆడవాళ్లు రేకులు చుడుతున్నారు, వెనక పెరట్లో రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి. పొయ్యి కళ్లకి కనిపించే చోటే కొనాలని నేను ఇంటి దగ్గరే అనుకుని వెళ్లాను. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి, ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ పెట్టె మీద పేరు చూసి ఒకసారి మోసపోయినవాణ్ణి.

పొయ్యి దగ్గరున్నావిడకి 50 ఏళ్లు ఉంటాయేమో. కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులతో మంట పెట్టింది. పక్కన గిన్నెలో జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి, పాలంత పల్చగా ఉంది. గుడ్డని అందులో ముంచి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగింది. గుడ్డ పోయిన దారంతా తెల్లటి పొర పరుచుకుంది. నేను ఊపిరి వదిలేలోపే దాని అంచు లేచింది. ఆ అంచు రెండు వేళ్లతో పట్టుకుని ఒలిచి పక్కన దొంతర మీద వేసింది. ఎక్కడా చిరుగు లేదు. మళ్లీ ముంచింది, మళ్లీ లాగింది. గమనిస్తే ఆవిడ చూపు పిండి మీద లేదు, కుండ మీదా లేదు. మంట మీద ఉంది. ఒక ఆకు ఎక్కువైతే రేకు పగులుతుందట, తక్కువైతే ఊడి రాదట. అరగంట నిలబడ్డాను, ఒక్క రేకు కూడా పారేయలేదు.

వరండాలో యజమానురాలు నన్ను మొదట అడిగిన మాట ఎన్ని కావాలని కాదు.

"ఎక్కడికి పట్టుకెళ్తారండి?"

"ఒడిశా, అమ్మా. మా మేనకోడలు నేవీలో చేరింది. ట్రైనింగ్ పూర్తయింది, పరేడ్‌కి వెళ్తున్నాం."

"ఆయ్. మరి పాప ఎప్పుడు తింటదండి?"

"ఎల్లుండి రాత్రికి."

"అయితే బెల్లంవి వద్దండి. చెమ్మ లాగేస్తది. పంచదారవి చుట్టిస్తాను, నెయ్యి కూడా కాస్త చూసి వేయిస్తాను. ఎక్కువైతే రెండో రోజుకి రేకు మెత్తబడిపోద్ది."

22 ఏళ్లలో నేను కొన్న ఏ వస్తువుకీ ఎవరూ నన్ను ఎప్పుడు తింటారని అడగలేదు. మేం మాత్రం లారీ ఎంత దూరం వెళ్తుందో అడిగాకే గెల కోస్తాం. దగ్గరికైతే ముదురు, దూరానికైతే కాస్త లేత. ఆవిడ లెక్కా అదే. ఇక అక్కడే కొనాలని నిర్ణయించుకున్నాను.

అయినా పిల్లకి బెల్లంవి ఇష్టమని ఒక పది అవీ చుట్టమన్నాను. ఆవిడ కాదనలేదు. "వేరే పెట్టెలో పెడతాను, ముందు అవి తినేయండి" అంది.

ఇక ప్యాకింగ్. రేకు రేకుకీ బటర్ పేపర్ చుట్టి, పెట్టెకి పది చొప్పున ఆరు పెట్టెలు చేశారు. ఆరింటినీ ఒక పెద్ద అట్టపెట్టెలో పేర్చి, మూలల్లో మిగిలిన సందుల్లో న్యూస్ పేపర్ ఉండలు చేసి కుక్కారు. సందుంటే సరుకు కదులుతుంది, కదిలితే నలుగుతుంది. మేం లారీలో గెలల మధ్య ఎండుటాకు కుక్కేది ఇందుకే. నేను టేపు వేయమంటే ఆవిడ తాడు తీసింది.

"గేటు కాడ విప్పి చూపించమంటారండి. మాధవరం వాళ్లు మా కాడే కొంటారు, ఆళ్లు చెప్పారు. టేపు పీకితే అట్ట చిరుగుద్ది. తాడైతే మళ్లీ కట్టుకోవచ్చు."

తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం తెలియనివాళ్లు మా వైపు ఉండరు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ ఆ ఊళ్లో ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్తూనే ఉన్నారు. వాళ్ల అనుభవం మా పెట్టెకి కలిసొచ్చింది.

లోపాలు కూడా చెప్పాలి. 11 గంటలకి ఇస్తామన్నది ఒంటిగంటన్నరకి ఇచ్చారు. రాత్రికి రైలుంది కాబట్టి సరిపోయింది గానీ, మధ్యాహ్నం బండి అయితే కంగారే. పెట్టె మీద తయారు చేసిన తేదీ లేదు. అడిగాక పెన్నుతో రాశారు. ఎవరూ అడక్కుండానే రాయాలి. పెట్టె 250 చొప్పున మొత్తం 1500 తీసుకున్నారు. అట్టపెట్టెకీ తాడుకీ ఏమీ తీసుకోలేదు. ఈ ధరకి తక్కువ దొరుకుతాయి, తెలుసు. అవి నేను ఇంతకుముందు కొన్నాను.

రైల్లో పెట్టెని సీటు కింద పెట్టనివ్వలేదు. చెల్లెలు పై బెర్త్ మీద తల దగ్గర పెట్టుకుని పడుకుంది. తెల్లారి రంభ దాటాక కుడివైపు నీళ్లు మొదలయ్యాయి. చిలికా సరస్సు. అవతలి ఒడ్డు కనిపించదు. గోదావరి గట్టున పుట్టిన నాకు కూడా అన్ని నీళ్లు చూస్తే గుండె ఒక్కసారి ఝల్లుమంది. ఈ నీళ్ల పక్కనే మా పిల్ల 16 వారాలుందన్నమాట. బరంపురం మీదుగా ఆ వైపుకి నేను ఎన్ని లారీలు పంపానో లెక్కలేదు. నేను వెళ్లడం అదే మొదటిసారి.

బాలుగావ్‌లో లాడ్జి గది బాగానే ఉంది, చీమలు తప్ప. చెల్లెలు సంచిలోంచి పసుపు తీసి పెట్టె చుట్టూ గీత గీసింది. ఆ రోజంతా ఊళ్లో ఏం తిన్నామో కూడా నాకు గుర్తులేదు, రొయ్యలు మాత్రం బాగున్నాయి. గురువారం రాత్రి బెల్లం రేకులు ఒకటి విప్పి చూశాను. ఆవిడ చెప్పినట్టే చెమ్మ పట్టాయి. రుచి పోలేదు గానీ నోట్లో కరకర లేదు. పంచదారవి విప్పలేదు. భయమేసింది.

శుక్రవారం గేటు దగ్గర ఆధార్ కార్డులు చూశారు, పెట్టె విప్పమన్నారు. తాడు విప్పాను, చూశారు, మళ్లీ కట్టాను. ఆత్రేయపురంలో ఆవిడ చేతులు నాకు కళ్లముందు మెదిలాయి.

పరేడ్ పొద్దుగూకాక మొదలైంది. అగ్నివీర్ల మొదటి బ్యాచ్‌కి 2023 మార్చి 28న ఇక్కడే ఇలా చీకటి పడ్డాక చేశారు. మన సైన్యంలో అంతకుముందు ఆ పద్ధతి లేదట. ఆ మొదటి బ్యాచ్‌లోనే 270 మందికి పైగా ఆడపిల్లలున్నారు. దీపాల వెలుగులో తెల్ల డ్రస్సులు వరసలు వరసలుగా వస్తుంటే ఇంకేమీ కనిపించలేదు. నేను లోడు చూసి గెలలెన్నో చెప్పగలను. ఆ వరసల్లో మా పిల్ల ఎక్కడుందో మాత్రం చెప్పలేకపోయాను. అన్ని చేతులూ ఒకే ఎత్తు, అన్ని అడుగులూ ఒకే చప్పుడు. పక్కన మా చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నన్ను ఏమీ అడగలేదు, నేనూ ఏమీ అనలేదు. దేశం పేరు చెప్పి ఎవరైనా మాట్లాడితే నాకు కళ్లు చెమర్చవు. ఆ రోజు ఎవరూ ఏమీ మాట్లాడకముందే చెమర్చాయి.

అయ్యాక వాళ్లను కలవనిచ్చారు. ఆ గుంపులో మా దగ్గరికి వచ్చి నిలబడేదాకా నేను గుర్తుపట్టలేదు. ఎండకి నల్లబడింది, దవడలు తేలాయి, జుట్టు పొట్టిగా ఉంది. "అమ్మా" అంది. గొంతు మాత్రం మాదే. చెల్లెలు పట్టుకుని వదల్లేదు.

కాసేపటికి పెట్టె విప్పాను. పంచదార రేకు ఒకటి తీసి చేతికివ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దు మామయ్యా. తెల్ల డ్రస్సు. నెయ్యి పడితే కష్టం."

"మరెలా?"

"నువ్వు పెట్టు."

నిటారుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, మెడ మాత్రం కాస్త ముందుకి వంచి నోరు తెరిచింది. అన్నప్రాసన నాడు నా ఒళ్లో కూర్చుని ఇలాగే నోరు తెరిచింది. బటర్ పేపర్ సగం ఒలిచి, కింద అరచెయ్యి పట్టి నోటి దగ్గర పెట్టాను. కొరికింది. కరకరమని చప్పుడు నాకు వినిపించింది. చుట్టిన 54 గంటల తర్వాత. పొడి నా అరచేతిలోనే పడింది, డ్రస్సు మీద ఒక్క నలుసు పడలేదు. కళ్లు మూసుకుని నమిలింది. అంగిట్లో అతుక్కోలేదని మొహం చూస్తేనే తెలిసింది.

"ఇంకోటి" అంది.

మూడు తిన్నాక వాళ్ల నాన్నకి ఫోన్ చేశాం. ఆయన అక్కడ బండి పక్కకి ఆపుకుని ఆ ఫోన్ కోసమే కూర్చున్నాడు. పిల్ల మొదట చెప్పిన మాట, "నాన్నా, పూతరేకులు తిన్నాను." తర్వాత ఆయన మాటలు వినపడలేదు, చాలాసేపు.

మిగిలిన పెట్టెలు తోటి పిల్లలకి పంచింది. అప్పుడే లెక్క చూశాను. 50 పంచదార రేకుల్లో విరిగినవి నాలుగు. నాలుగూ అడుగు పెట్టెలోవే. దాదాపు 550 కిలోమీటర్ల రైలు ప్రయాణం, రెండు ఆటోలు, రెండు రాత్రులు. మా వ్యాపారంలో అంత తక్కువ నష్టంతో సరుకు చేరితే ఆ రోజు లోడింగ్ చేసిన కుర్రాళ్లకి బిర్యానీ తినిపిస్తాం.

తిరిగొచ్చాక మళ్లీ ఆత్రేయపురం వెళ్లాను, చెప్పి రావాలనిపించింది. ఆవిడ వరండాలోనే ఉంది, చేతులకి పంచదార పొడి అంటుకుని ఉంది. పాప ఎలా ఉందండీ అని అడిగింది, బాగుందన్నాను. తర్వాత, "ఎన్ని విరిగాయండి?"

"నాలుగు. అడుగు పెట్టెలోవి."

కాసేపు అట్టపెట్టెల దొంతర వైపు చూసింది.

"ఈసారి అడుగున ఇంకో అట్ట ఏస్తానండి" అంది.