కసాండ్రాగా అయిదేళ్లు

2019 చివర్లో, ధర బాగా తగ్గాక కొన్న అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ అనే వీడియో గేమ్‌ను నేను ఇప్పటికి మూడుసార్లు పూర్తిగా ఆడాను. నాలుగోసారి సగంలో ఉన్నాను. మ్యాప్ విస్తీర్ణం, గ్రాఫిక్స్, లెవెల్ పెంచుకోవడానికి పడవలసిన ప్రయాస ఈపాటికి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. ఇన్నేళ్లుగా నన్ను ఈ గేమ్‌కు కట్టిపడేసినదీ, ఒకచోట తీవ్రంగా నొప్పించినదీ ఒకే ఒక్క ఏర్పాటు. ఆట మొదట్లో అలెక్సియోస్, కసాండ్రా అనే ఇద్దరు తోబుట్టువులలో ఒకరిని ఎంచుకోవాలి. ఎవరిని ఎంచుకున్నా కథ ఒకటే, మిషన్లు ఒకటే, పోరాటం ఒకటే, ఆ పాత్ర పలికే మాటలూ దాదాపు ఒకటే. ఎంచుకోని వారు డీమోస్ అన్న పేరుతో ప్రత్యర్థిగా ఎదురవుతారు. నేను నాలుగుసార్లూ కసాండ్రానే ఎంచుకున్నాను.

దీనికి నేనెందుకంత విలువ ఇస్తున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కాకినాడలో ఇంటర్ చదివే రోజుల్లో మా అన్నయ్య వెంట నెట్ సెంటర్‌కు వెళ్లి ఆడిన యాక్షన్ గేమ్‌లన్నిటిలోనూ నేను మగవాడినే. అందుకు నాకు అభ్యంతరమేమీ ఉండేది కాదు. అసలు ఆ ఆలోచనే వచ్చేది కాదు. ఆడపాత్ర దొరికే ఫైటింగ్ గేమ్‌లలోనే ఇబ్బందిగా ఉండేది, ఎందుకంటే ఆమె కొట్టిన దెబ్బకన్నా ఆమె వేసుకున్న బట్టల గురించి పక్క సీట్ల కుర్రాళ్లు చేసే వ్యాఖ్యలే ఎక్కువగా వినబడేవి. ఆ తరువాత 2014లో ఇదే అసాసిన్స్ క్రీడ్ సిరీస్‌లో యూనిటీ అనే గేమ్ రాబోతున్నప్పుడు, నలుగురు కలిసి ఆడే కో-ఆప్‌లో ఒక్క స్త్రీ పాత్ర కూడా లేదేమని అడిగినవారికి, స్త్రీని పెడితే యానిమేషన్లు, గొంతులు, దుస్తులు అన్నీ రెట్టింపు చేయవలసి వస్తుందన్న జవాబు తయారీ బృందం నుంచే వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అది చదివి, ఒక రాత్రంతా మనసు బాగోలేక కూర్చున్నాను. మన ఉనికి అదనపు పనిగా ఎవరి లెక్కలోనో నమోదైందన్న బాధ అది. మరుసటి సంవత్సరం సిండికేట్ అనే గేమ్‌లో కథానాయికగా ఈవీ ఫ్రై వచ్చింది గానీ, ఆటలో సింహభాగం ఆమె తమ్ముడు జేకబ్‌దే అనిపించింది.

ఒడిస్సీ మొదట్లో, కెఫలోనియా ద్వీపంలో కసాండ్రా ఇంటి ముందుకు ఇద్దరు రౌడీలు వచ్చినప్పుడు నేను ఒక మాట కోసం కాచుకుని ఉన్నాను. "ఆడదానివి, నీకెందుకీ గొడవలు" అన్న మాట ఏ భాషలోనైనా ఎక్కడో ఒకచోట వస్తుందని అలవాటైన చెవులు అవి. ఆ రౌడీలు బెదిరించారు, దెబ్బలు తిన్నారు, వెళ్లిపోయారు. ఆ మాట రాలేదు. ఆమెకు పనులు అప్పగించే మార్కోస్ తనకు రావలసిన బాకీ వసూలు చేసుకురమ్మని ఆమెను డ్యూరిస్ అనే వ్యాపారి దగ్గరకు పంపుతాడు, ఆ వ్యాపారి భయపడతాడు. భయపడింది బాకీ వసూలుకు వచ్చిన మనిషికి. వచ్చింది స్త్రీ అయినందుకు అతను ఆశ్చర్యపోలేదు, వెక్కిరించలేదు. ఆ సాయంత్రమంతా ఎదురుచూసినా నాకు అలవాటైన ఆ మాట వినబడలేదు. కవచం వేస్తే అది నిజంగా ఒంటిని కప్పే కవచమే. భుజాలు, చేతులు కత్తి తిప్పి బతికే మనిషివి. కొండ అంచున నిలబడ్డ సైనికుణ్ణి స్పార్టన్ కిక్‌తో లోయలోకి తన్నినప్పుడు ఆ కాలిలో బరువు తెలుస్తుంది. ఆమెకు గొంతునిచ్చిన గ్రీకు-కెనడియన్ నటి మెలిసాంతి మహూత్ అదే మాటను ఒకచోట చిలిపిగా, ఒకచోట అలసటగా, ఒకచోట కోపాన్ని పంటి బిగువున దాచుకుని పలికిన తీరు వల్ల, అది మరొకరితో పంచుకున్న స్క్రిప్ట్ అన్న సంగతే నేను మరిచిపోయాను. నాక్సోస్ ద్వీపంలో, ఎన్నో ఏళ్ల వియోగం తరువాత తల్లి మిరినీ ఎదురుపడినప్పుడు ఆ గొంతులోని చిన్నపిల్ల బయటపడుతుంది. ఆ కట్‌సీన్ (ఆట ఆగి సినిమాలా నడిచే దృశ్యం) దగ్గర మూడుసార్లూ కళ్లు తుడుచుకున్నాను.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. ఆటలో కసాండ్రాను అందరూ మిస్థియోస్ అంటారు, అంటే కూలికి కత్తి పట్టే యోధుడు. అలెక్సియోస్‌నూ అదే మాటతో పిలుస్తారు. స్త్రీ కోసం మాట మార్చలేదు. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఇంగ్లీషు రాదు. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ పక్కన కూర్చుని కథ చెప్పమనేది. అప్పుడు తెలిసింది, ఈ గేమ్‌ను తెలుగులోకి తెస్తే ఆ సమానత్వం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో. నేను వచ్చాను, నువ్వు వచ్చావు అన్నంతవరకు మన క్రియకు ఆడా మగా తేడా లేదు. మూడో మనిషి గురించి మాట్లాడగానే వచ్చాడు, వచ్చింది అని విడదీయక తప్పదు. పైగా స్త్రీకి వాడే రూపమే పిల్లికీ పడవకూ వాడతాం. అమ్మ మొదట్లో "ఆ అమ్మాయి ఎవర్ని కొట్టింది?" అని అడిగేది. కథ నాక్సోస్ చేరే సమయానికి "ఆవిడ తల్లిని కలిశారా?" అని అడిగింది. ఆ మార్పును ఆమె గమనించలేదు, నేను గమనించాను.

రెండోసారి ఆడేటప్పుడు మాత్రం, మొదటిసారి నేను ఇంత గట్టిగా మెచ్చుకున్న దాని మీదే కొంత సందేహం కలిగింది. ఇది పెలొపొనీషియన్ యుద్ధం మొదలైన క్రీ.పూ. 431 నాటి గ్రీసు. ఏథెన్స్ సభలో స్త్రీలకు ఓటు లేదు. ఇంట్లో జరిగే పానగోష్ఠిలో ఇల్లాలికి చోటు లేదు. ఒలింపియాలో పోటీ పడడం అటుంచి, పెళ్లయిన స్త్రీ ఆ క్రీడలను చూడడమే నిషిద్ధం. కసాండ్రా మాత్రం ఏథెన్స్ నాయకుడు పెరిక్లీజ్ ఇంటి విందులో తిరుగుతుంది, ఒలింపియాలో స్పార్టా తరఫున పాంక్రాషన్ కుస్తీ పడుతుంది. మొదటిసారి ఈ రెండు ఘట్టాలనూ నేను పండగలా ఆడాను. రెండోసారి ఆడుతుంటే, ఆమె ఏ గోడనూ దాటలేదని, ఆమె నడిచే దారిలో ఆట ముందే గోడలన్నీ తీసేసిందని అనిపించింది. ఇద్దరికీ ఒకే మాటలు రాసినప్పుడు, స్త్రీకే ఎదురయ్యే అడ్డంకికి ఆ రాతలో చోటు చిక్కదు. రోజంతా అవే అడ్డంకులు చూసి ఇంటికి వచ్చేవారికి అవి లేని లోకం ఎంత ఊరటో నాకు తెలుసు గనుక దీన్ని పెద్ద లోపమని అనను. ఊరట అన్న మాట వాడతాను. మొదట్లో విజయం అన్న మాట వాడేదాన్ని.

ఆ ఏర్పాటు పూర్తిగా విరిగిపోయింది లెగసీ ఆఫ్ ద ఫస్ట్ బ్లేడ్ అన్న డీఎల్‌సీ (ఆట తరువాత విడిగా వచ్చిన అదనపు కథ) రెండో భాగంలో. కథ మలుపు చెప్పక తప్పడం లేదు, మన్నించండి. ప్రధాన కథలో ఎవరిని ప్రేమించాలో, అసలు ప్రేమించాలో వద్దో పూర్తిగా ఆడేవారి ఇష్టం. నా కసాండ్రా ఎవరినీ ప్రేమించలేదు. తల్లిని వెతుక్కుంది, తమ్ముణ్ణి తిరిగి తెచ్చుకుంది, నావికుడు బర్నబాస్‌తో కలిసి అద్రెస్తియా నౌక మీద సముద్రాలు తిరిగింది. ఈ డీఎల్‌సీలో డరయస్ అనే పారశీకుడి కొడుకు నాటకాస్ పరిచయమవుతాడు. అతను మంచివాడు, నాకు నచ్చాడు కూడా, కానీ ప్రతి ప్రశ్నకూ నేను స్నేహం దాటని జవాబే ఎంచుకున్నాను. అతను ఊరు విడిచి వెళ్లిపోతానంటే వెళ్లమనే అన్నాను. అయినా కథ వారిద్దరినీ కలిపింది, తెర మారింది, కొంతకాలం గడిచింది, ఇంట్లో కసాండ్రా చేతుల్లో ఎల్పిడియోస్ అన్న పసివాడు ఉన్నాడు.

అప్పుడు 2020 ఎండాకాలం, లాక్‌డౌన్. నాకు పెళ్లయి ఆరేళ్లు. పిల్లలు వద్దని మేమిద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం. ఇంట్లోనే ఉంటున్నాం గదా అని బంధువులు వారానికోసారి ఫోన్ చేసి, ఆరోగ్యాలు అడిగాక గొంతు తగ్గించి, "విశేషమేమైనా ఉందా?" అనే రోజులవి. ఆ ప్రశ్నలేని చోటు నాకు ఈ ఆట ఒక్కటే. అందులో కూడా, నన్ను అడగకుండా, నేను వద్దన్నాక, బిడ్డను చేతిలో పెట్టారు. కంట్రోలర్ పక్కన పెట్టి బాల్కనీలోకి వెళ్లిపోయాను. నెల రోజులు ఆ గేమ్ తెరవలేదు.

తరువాత కూర్చుని ఆలోచిస్తే, నన్ను నొప్పించినది బిడ్డ ఒక్కటే కాదని తెలిసింది. అలెక్సియోస్‌గా ఆడేవారికి నాటకాస్ స్థానంలో డరయస్ కూతురు నీమా ఉంటుంది. మిగిలిన కథ అదే. తండ్రికి సరిపోయేలా కాలాన్ని దాటవేసి బిడ్డను చూపిస్తే పెద్ద వెలితి తెలియదు. తల్లి విషయంలో ఆ దాటవేసిన కాలమే కథ. తొమ్మిది నెలలు మోసిన ఒళ్లు, కత్తి తిప్పలేని రోజులు, ప్రాణం మీదికి వచ్చే ప్రసవం, వీటిలో ఒక్కటీ మాటల్లో కూడా లేదు. నేను అంతగా మెచ్చుకున్న ఒకే స్క్రిప్ట్ అనే ఏర్పాటే ఇక్కడ కసాండ్రాను ఆమె శరీరం నుంచే తప్పించింది.

న్యాయంగా చెప్పాలంటే, 2019 జనవరిలో ఈ భాగం విడుదలైనప్పుడే ప్రపంచమంతటా ఆటగాళ్లు నిరసన తెలిపారు, ముఖ్యంగా తమ పాత్ర స్త్రీనే ప్రేమిస్తుందని అప్పటిదాకా ఎంచుకుంటూ వచ్చినవారు. గేమ్ క్రియేటివ్ డైరెక్టర్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఒక కట్‌సీన్‌నూ కొన్ని సంభాషణలనూ ప్యాచ్‌లో (సవరణ అప్‌డేట్‌లో) మార్చారు, ఆ ఘట్టానికి ఇచ్చిన ట్రోఫీ పేరు కూడా మార్చారు. నేను ఆడింది ఆ సవరించిన రూపమే. బంధం ప్రేమది కాదని చెప్పుకునే వీలు వచ్చింది గానీ బిడ్డ తప్పలేదు, ఎందుకంటే ఈ సిరీస్‌లోనే తరువాతి కాలపు కథలో వచ్చే ఆయా అనే పాత్రకు ఈ వంశం నుంచే ముడి వేయాలి.

2020 జూలైలో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ ప్రచురించిన కథనం ప్రకారం, ఒడిస్సీకి మొదట అనుకున్న ఏకైక కథానాయిక కసాండ్రాయే; స్త్రీ ఒక్కతే ఉంటే గేమ్ అమ్ముడుపోదన్న పైవారి అభిప్రాయం వల్ల అలెక్సియోస్ చేరాడు. ఇది చదివాక, సమానత్వమని నేను పొంగిపోయిన ఆ ఎంపిక తెర నాకు కొంత మసకబారింది. అయితే ఆట ఆధారంగా వచ్చిన నవలలో కథానాయిక ఆమే. 2021 డిసెంబరులో ఇదే సిరీస్‌లోని వాల్‌హల్లా గేమ్‌కు ఉచితంగా ఇచ్చిన అదనపు కథలో, స్కై ద్వీపంలో మళ్లీ కనబడేదీ ఆమే, మీరు ఒడిస్సీని ఎవరిగా ఆడి ఉన్నా సరే. ఆ రోజు నేను ఆఫీసుకు సెలవు పెట్టాను.

కొనవచ్చా అని అడిగేవారికి సూటిగా ఒక్క మాటలో జవాబు చెప్పలేను. పిల్లలున్న నా స్నేహితురాలు అదే డీఎల్‌సీ ఆడి, మూడో భాగంలో బిడ్డ కోసం కసాండ్రా చేసే పోరాటం తనకు అన్నిటికన్నా నచ్చిందని చెప్పింది. ఆమె మాటను నేను కాదనలేను. నా జీవితంలోని సంగతుల వల్లే నాకు అది అంత లోతుగా తగిలి ఉండవచ్చు. మాట మీద, గొంతు మీద, స్త్రీ శరీరాన్ని గౌరవంగా చూపడం మీద పట్టింపు ఉన్నవారికి ప్రధాన కథను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. డీఎల్‌సీని మాత్రం డిస్కౌంట్‌లో వచ్చినా ఆలోచించి తీసుకోండి.

వేసవి సెలవులకు వచ్చిన మా అక్క కూతురు, పదిహేడేళ్లది, ఎంపిక తెర దగ్గర ఒక్క క్షణం కూడా ఆగకుండా కసాండ్రాను నొక్కి ముందుకు వెళ్లిపోయింది. ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, "మరి ఇంకెవర్ని ఎంచుకోవాలి, పిన్నీ?" అంది. డీఎల్‌సీలోని రెండో భాగం మొదలుపెట్టే ముందు నన్ను ఒకసారి పిలవమని చెప్పి, వంటింట్లోకి వెళ్లాను.