విజయవాడ పాయకాపురం వైపు మా కార్పొరేషన్ బడి, దాని తల్లిదండ్రుల కమిటీ: ఏడాదిన్నర అనుభవం

మా చిన్నదానికి పొద్దున నీళ్ళ బాటిల్ నింపి పంపితే సాయంత్రం అలాగే నిండుగా తెచ్చేది. జూలై ఉక్కపోతలో కూడా అంతే. కోప్పడ్డాను, బతిమాలాను. ఒకరోజు రాత్రి పడుకోబోతూ అసలు సంగతి చెప్పింది. "అమ్మా, ఆడపిల్లల బాత్రూమ్ తలుపుకి గడియ ఊడిపోయింది. ఒకళ్ళు లోపలికి వెళ్తే ఇంకొకళ్ళు బయట పట్టుకోవాలి. అందుకే తాగను." అప్పటికి అది నాలుగో తరగతి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను పాయకాపురంలో కర్రీ పాయింట్ నడుపుతాను. నాలుగింటికి లేవాలి, కేదారేశ్వరపేట రైతు బజారుకెళ్ళి కూరగాయలు తేవాలి, పదకొండుకల్లా పప్పు, వేపుడు, రెండు కూరలు, సాంబారు ప్యాకెట్లు కట్టేసి ఉండాలి. పిల్లని గేటు దగ్గర దింపి పరిగెత్తడమే తప్ప బడి లోపలికి వెళ్ళి చూసింది లేదు. ఇప్పుడు మా వీధిలో కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు "అక్కా, ప్రైవేటు ఫీజు కట్టలేకపోతున్నాం, ఆ బడిలో వేయొచ్చా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే రాసేస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. బడి పేరు రాయను. ఒకటి నుంచి ఐదు దాకా 180 మంది పిల్లలు చదివే చిన్న బడి, అంతవరకు చాలు.

గడియ సంగతి తెలిసిన కొద్ది రోజులకే పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నికల నోటీసు గేటుకి అంటించారు. 2024 ఆగస్టు 8, గురువారం. రాష్ట్రమంతా ఒకే రోజు. పిల్లకి ఒక ఓటు. అమ్మ గానీ నాన్న గానీ, వాళ్ళు లేకపోతే సంరక్షకులు గానీ ఒక్కరే వేయాలి. తరగతికి ముగ్గుర్ని ఎన్నుకోవాలి, అందులో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి. మా నాలుగో తరగతిలో 31 మంది పిల్లలు. సగం మంది తల్లిదండ్రులు వస్తేనే ఎన్నిక జరుగుతుందట, అంటే 16 మంది. పదింటికి మేం తొమ్మిది మందిమే ఉన్నాం. హెచ్ఎం మేడమ్ ఒక్కొక్కరికి ఫోన్ చేస్తున్నారు. నేనూ నా ఫోన్‌లో ఉన్న తల్లులందరికీ చేశాను. ఒకామె పాచిపనికి వెళ్ళిన ఇంట్లో చెప్పి తడిచేతులతో వచ్చింది. పదకొండున్నరకి 17 మంది అయ్యాం.

అప్పటికే పేటలో పలుకుబడి ఉన్న ఒకాయన లిస్టు రాసుకొచ్చి టేబుల్ మీద పెట్టాడు. "ఈ పేర్లు రాసేసుకోండి మేడమ్, ఇంతమందిని కూర్చోబెట్టడమెందుకు" అన్నాడు. మేడమ్ గొంతు పెంచలేదు. "ఎత్తిన చేతులు లెక్కపెట్టి రాస్తానండీ" అన్నారు, అంతే. నాకు కాళ్ళు వణికాయి కానీ లేచి నిలబడి ఒకటే మాట చెప్పాను: "మా అమ్మాయి బడిలో నీళ్ళు తాగట్లేదు, బాత్రూమ్‌కి గడియ లేదు, నేను గడియ పెట్టిస్తాను." 17 మందిలో 11 చేతులు లేచాయి. మిగతా తల్లులకీ ఆ సంగతి తెలుసని, ఎవరి పిల్ల వాళ్ళకి చెప్పిందని అప్పుడర్థమైంది నాకు.

ఎన్నికైనవాళ్ళలోంచి తాపీ మేస్త్రి అన్న ఛైర్మన్ అయ్యాడు. ఇళ్ళల్లో పనిచేసే అక్క వైస్ ఛైర్మన్. మర్నాడు పొద్దున్నే అన్న పనికెళ్ళే ముందు డ్రిల్ మిషన్ పట్టుకొచ్చి రెండు గడియలు బిగించాడు. రెంటికీ కలిపి 140 రూపాయలు. ఆ వారంలో మా చిన్నదాని బాటిల్ ఖాళీగా వచ్చింది.

ఇక నాలుగు వారాలు తిరక్కుండానే బుడమేరు వాగు వరద వచ్చింది. సెప్టెంబరు 1, ఆదివారం. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక అన్నీ నీళ్ళలోనే. మేం పడవలో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర దిగి పటమటలో మా ఆడపడుచు ఇంటికి చేరాం. నా కర్రీ పాయింట్‌లో గ్రైండర్, రెండు స్టవ్‌లు, ఫ్రిజ్ పోయాయి. పైన బుడమేరు కట్టకి పడ్డ గండ్లు పూడ్చింది 7వ తేదీన. ఆ తర్వాత గానీ మా వైపు నీళ్ళు తగ్గలేదు.

తిరిగొచ్చాక ఇల్లు కడుక్కోవాలి, కొట్టు కడుక్కోవాలి. అయినా మూడో రోజు బడికి వెళ్ళాను. కిందిగదుల్లో మోకాలి లోతు బురద. బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదటి విడతలో వచ్చిన మంచినీళ్ళ ఆర్వో ప్లాంట్ మోటారు పోయింది. బియ్యం మూటలు ఉబ్బి పగిలి కంపు కొడుతున్నాయి. మేడమ్ వరండాలో స్టూలు మీద కూర్చుని ఒళ్ళో ఒక లావుపాటి పుస్తకం పెట్టుకుని ఉన్నారు. అడ్మిషన్ రిజిస్టర్. బీరువా కింది అరలో ఉండటంతో తడిసి ముద్దయింది. "బెంచీలు మళ్ళీ వస్తాయమ్మా, ఇది రాదు" అన్నారు. ఈ బడిలో చదివినవాళ్ళు ఎవరైనా పుట్టిన తేదీ కోసమో టీసీ నకలు కోసమో వస్తే చూసేది ఆ పుస్తకమే.

పై అంతస్తు గదిలో నేనూ, మేడమ్, వైస్ ఛైర్మన్ అక్కా కూర్చున్నాం. కరెంటు లేదు. ఒక్కో పేజీ వేలితో కాకుండా దోసెల అట్లకాడతో లేపేదాన్ని. వేలితో లాగితే చినిగిపోతోంది, కాడ పల్చగా ఉంటుంది కాబట్టి కిందికి దూరుతుంది. పేజీకి పేజీకి మధ్య పాత పేపరు పెట్టి, పైన బరువు పెట్టకుండా కిటికీ దగ్గర నిలబెట్టాం. సాయంత్రం ఆ పేపర్లు తీసి కొత్తవి. ఇలా నాలుగు రోజులు. బాల్ పెన్నుతో రాసినవి నిలబడ్డాయి. ఇంకు పెన్నుతో రాసిన పాత పేజీలు నీలంగా అలుక్కుపోయాయి. అవి చదవగలిగినంతవరకు మేడమ్ అక్కడే పక్క పుస్తకంలో ఎక్కించారు. తండ్రి వృత్తి గడిలో రిక్షా, తాపీ, ముఠా కూలీ, చాకిరేవు అని వరసగా ఉన్నాయి. మా వీధి చివర ఇప్పుడు సెల్ షాపు పెట్టుకున్న అన్న పేరు కూడా కనిపించింది, ఒకటో తరగతిలో చేరిన తేదీతో సహా.

ఒక హెచ్ఎం ఎలాంటి మనిషో నాకు ఆ నాలుగు రోజుల్లో తెలిసింది. ఆ బురదలో ఆవిడ ఇల్లు కూడా ఉంది మరి.

ఇక భోజనం. ఇది నా వృత్తి కాబట్టి గట్టిగా చెప్పగలను. కమిటీ సభ్యులు వంతులవారీగా వెళ్ళి రుచి చూడొచ్చు, చూడాలి కూడా. నేను వారానికొకసారి పన్నెండింటికి కొట్టు మా ఆయనకి అప్పజెప్పి వెళ్తున్నాను. ముందు గరిట పట్టుకోను. పిల్లలు పళ్ళేలు కడిగే చోట ఉన్న బకెట్ చూస్తాను. అందులో ఎంత పడిందో చూస్తే ఆ రోజు వంటేమిటో తెలిసిపోతుంది. వెళ్ళిన ప్రతిసారీ ఒక నోట్‌బుక్‌లో తేదీ, కూర, ఎంతమంది తిన్నారు, బకెట్ ఎంత నిండింది రాస్తున్నాను.

ప్రైమరీ పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు లెక్క. 150 మంది వస్తే మూడు కిలోల కందిపప్పు పడాలి. మూడు కిలోల పప్పు ఎంత గిన్నెకి ఎంత చిక్కగా వస్తుందో నాకు చూడగానే తెలుస్తుంది. కిందటేడాది ఫిబ్రవరిలో రెండు వారాలు వరసగా పప్పు చారులా ఉంది. నేను వంట అక్క మీద గయ్యిమన్నాను, అది నా తప్పు. ఆవిడ నన్ను పక్కకి పిలిచి కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చూపించింది. బిల్లులు నెలల తరబడి రాలేదు, కొట్టువాడు అప్పు ఆపేశాడు, నెలకి 3,000 గౌరవ వేతనంతో బతికే మనిషి సొంత డబ్బుతో ఎన్నాళ్ళు తెస్తుంది? ఆ శనివారం కమిటీలో తీర్మానం రాసి, బాకీ లెక్క జతచేసి, అందరం సంతకాలు పెట్టి ఆఫీసులో ఇచ్చి వచ్చాం. మూడుసార్లు తిరిగాం. డబ్బు పడింది ఏప్రిల్‌లో. ఈలోగా పప్పు పల్చబడకుండా నా హోల్‌సేల్ కొట్టులో అక్కకి ఖాతా పెట్టించాను.

2025 జూన్ 12న బడి తెరిచినప్పటి నుంచి సన్నబియ్యం వస్తోంది. తేడా నా నోట్‌బుక్‌లోనే కనిపిస్తుంది. అంతకుముందు దొడ్డుబియ్యం అన్నం చల్లారితే గట్టిపడి పిల్లలు సగం వదిలేసేవాళ్ళు. ఇప్పుడు బకెట్‌లో అడుగున కొంచెమే ఉంటోంది. గుడ్డు ఉన్న రోజు ఏమీ ఉండదు. దొండకాయ కూర రోజు మాత్రం ఇప్పటికీ పారేస్తున్నారు. ముక్క సన్నగా తరిగి వేయించి వేస్తే తింటారని అక్కకి చేసి చూపించాను. కానీ 150 మందికి వేపుడంటే నూనె లెక్క సరిపోదు. దానికి ఇంకా దారి దొరకలేదు.

చదువు. ఇక్కడ నేను తృప్తిగా లేను. మా చిన్నది తెలుగు గలగలా చదువుతుంది, ఇంగ్లీషు మీడియం పుస్తకంలో ఎదురు పేజీలో తెలుగు ఉంటుంది కాబట్టి అర్థం చేసుకుంటుంది. భాగహారం మాత్రం ఐదో తరగతి మొదట్లో కూడా రాలేదు. కారణం పిల్లలు కాదు. 2025 వేసవి బదిలీల్లో ఒక టీచర్ వెళ్ళిపోయారు. జూన్ నుంచి అక్టోబరు దాకా నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో, ఒకే సారు. ఆయన ఒక బోర్డు మీద గీత గీసి ఇటు నాలుగో తరగతి లెక్కలు, అటు ఐదో తరగతి లెక్కలు వేసేవారు. ఎంత మంచి సారైనా గొంతు ఒక్కటే కదా. మేం మూడు నెలలు వరసగా తీర్మానం రాశాం, పిల్లల సంఖ్య, తరగతుల సంఖ్య వేసి. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వాళ్ళు చేరినప్పుడు మా బడికీ ఒక అమ్మాయి వచ్చింది. మా తీర్మానం వల్లే వచ్చిందని చెప్పను, ఎలాగూ వచ్చేదేమో. ఆ అమ్మాయి వచ్చిన మొదటి వారం పిల్లలందరికీ ఒక చిన్న పరీక్ష పెట్టి ఎవరికి ఎక్కడ ఆగిపోయిందో రాసుకుంది. ఇప్పుడు సంక్రాంతి సెలవులయ్యాక మా చిన్నది రెండంకెల భాగహారం చేస్తోంది. కానీ ఆ నాలుగు నెలలు ఎవరు తిరిగిస్తారు? ప్రైవేటు బడిలో ఫీజు తీసుకుని అలా చేస్తే మనం ఊరుకోం. ఇక్కడా ఊరుకోకూడదు.

డబ్బు సంగతి తక్కువలో చెప్తాను. మా సంఖ్యకి ఏడాదికి 50 వేల గ్రాంటు ఉంటుంది. సుద్దముక్కల నుంచి కరెంటు రిపేరు దాకా అందులోనే. అది ఒకేసారి రాదు. వచ్చినంతవరకు ఖర్చు కాగితం గోడకి అంటిస్తున్నారు, మేం అడిగితే బిల్లులు చూపిస్తున్నారు. ఆర్వో మోటారు బాగుచేయించడానికి వరద తర్వాత ఐదు నెలలు పట్టింది. అన్నాళ్ళూ పిల్లలు ఇంటి నుంచి నీళ్ళు మోసుకెళ్ళారు.

కమిటీ గురించి కూడా నిజం చెప్పాలి. మేం 15 మందిమి ఎన్నికయ్యాం. మీటింగ్‌కి క్రమం తప్పకుండా వచ్చేది ఆరుగురు. మిగతావాళ్ళది బద్ధకం కాదు, రోజుకూలి పోతుంది. మేడమ్‌ని అడిగి మీటింగ్ సాయంత్రం ఐదింటికి మార్పించాక తొమ్మిది మంది వస్తున్నారు. లిస్టు తెచ్చిన పెద్దమనిషి మనుషులు ఇద్దరు గెలిచారు, ఒక్క మీటింగ్‌కీ రాలేదు.

మార్కులు అడిగితే భోజనానికి ఐదుకి నాలుగు వేస్తాను. బాత్రూములకి మూడున్నర, ఆయా సెలవు పెట్టిన రోజు ఇప్పటికీ ఇబ్బందే. చదువుకి మూడు, ఈ కొత్త టీచర్ ఉంటే నాలుగవుతుంది. మేడమ్‌కి ఐదుకి ఐదు.

వేయొచ్చా అంటే, వేయండి. కానీ ముందు ఏదో ఒక రోజు పన్నెండింటికి వెళ్ళి చూడండి, గేటు దగ్గర నా పేరు చెప్పినా రానిస్తారు. పిల్ల ఆధార్, పుట్టిన సర్టిఫికెట్ పట్టుకెళ్ళండి, పాత బడి టీసీ ఉంటే అదీ. మా చిన్నది జూన్‌లో ఆరో తరగతికి హైస్కూల్‌కి వెళ్ళిపోతుంది. దాంతో నా సభ్యత్వం పోతుంది. ఆగస్టుకి ఈ కమిటీకీ రెండేళ్ళు నిండుతాయి. మా వీధిలో కొత్తగా దిగిన చెల్లెలి కూతురు రెండో తరగతి. ఆ చెల్లి చీరలకి ఫాల్స్ కుడుతుంది, లెక్క బాగా రాస్తుంది. భోజనం నోట్‌బుక్‌లో ఇంకా సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. మొన్న ఆదివారం తనకి చూపించాను. "బకెట్ కొలత ఎలా వేస్తున్నావక్కా?" అని అడిగింది. లోపల మూడు గీతలు గీయించానని చెప్పాను. వచ్చే బుధవారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.